అప్‌డేట్: హైదరాబాద్ డెవలపర్ల లిస్టు వెయ్యి దగ్గర ఆగిపోవడం – తేలింది

టెర్మినల్ నుంచి గిట్‌హబ్‌లో (డెవలపర్లు కోడ్ పెట్టి పంచుకునే సైట్) హైదరాబాద్ డెవలపర్లను వెతికితే 1000 పేర్లు దాటి రావడం లేదని అడిగాను కదా. అది స్క్రిప్టు తప్పు కాదు. గిట్‌హబ్ సెర్చ్ ఏపీఐ (స్క్రిప్టులతో వెతకడానికి సైట్ ఇచ్చే దారి) ఒక్కో వెతుకులాటకు ఇచ్చేదే 1000: పేజీకి 100 చొప్పున 10 పేజీలు. పదకొండో పేజీ అడిగితే 422 ఎర్రర్.

దారి ఏమిటంటే, అకౌంట్ తెరిచిన తేదీతో ముక్కలు చేయడం. క్వెరీలో (వెతికే మాటల్లో) లొకేషన్ పక్కన క్రియేటెడ్ అనే షరతు పెట్టి మొదట ఒక ఏడాది ఇవ్వండి. మొత్తం సంఖ్య 1000 దాటితే దాన్ని నెలలుగా, అదీ దాటితే వారాలుగా విడగొట్టండి. టైప్ యూజర్ అని కూడా చేర్చండి, లేకపోతే కంపెనీల అకౌంట్లూ వచ్చి పడతాయి.

టెర్మినల్‌లో గిట్‌హబ్‌ను వాడే జీహెచ్ (gh) కమాండ్‌తో ఒక మెలిక ఉంది. ఎఫ్ ఫ్లాగ్‌తో (-f) క్వెరీ ఇవ్వగానే అది తనంతట తానే పోస్ట్‌కు (డేటా పంపే పద్ధతికి) మారిపోతుంది, 404 ఎర్రర్ వస్తుంది. మెథడ్ గెట్ (డేటా తెచ్చే పద్ధతి) అని విడిగా చెప్పాల్సిందే. టోకెన్ (మన అకౌంట్‌ను గుర్తించే కీ) ఉన్నా నిమిషానికి 30 సెర్చ్‌లే, కాబట్టి మధ్యలో 2 సెకన్లకు కాస్త ఎక్కువే స్లీప్ పెట్టండి.

లొకేషన్ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకునేది. ఉదాహరణకు వైజాగ్, విశాఖపట్నం వేర్వేరుగా వెతికి, లాగిన్ పేర్ల మీద డూప్లికేట్లు తీసేయాలి. హైదరాబాద్‌కైతే పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ వాళ్లు కూడా కలిసి వస్తారు! సెర్చ్ ఫలితంలో లొకేషన్ ఉండదు; ఒక్కొక్కరి ప్రొఫైల్ విడిగా తెచ్చి ఏరుకోవాలి. ఆ కాల్స్‌కు పరిమితి వేరే, గంటకు 5000.