సీకన్నీ, చుక్కాని: ఒక 'ని' పంచాయితీ

పడవల పిచ్చి: మూడు రోజులుగా ఒక ముక్క బుర్ర తొలిచేస్తోంది. కంపెనీ కాలం ఓడల్లో పనిచేసిన మన నావికులు, లాస్కర్ల గురించి చదువుతుంటే సరంగు, తండేలు తర్వాత 'సీకన్నీ' అని తగిలింది. చుక్కాని పట్టేవాడట. స్పెల్లింగు చూసి సముద్రంలో కన్నింగుగా ఉండేవాడేమో అనుకున్నా. యూల్, బర్నెల్‌ల 1886 నాటి నిఘంటువు తీస్తే ఫారసీ సుక్కానీ, అరబ్బీ సుక్కాన్ అని ఉంది. మన చుక్కానే కదా ఇది! మరి అక్కడ మనిషి, ఇక్కడ వస్తువు ఎలా అయింది? ఇంతలో తాతయ్య వల్లె వేయించిన అమరం (సంస్కృత పదకోశం అమరకోశం) సగం గుర్తొచ్చింది: 'నియంతా... పోతవాహాః'. మధ్యలో ఏముందండీ?

అమరం బడి: మధ్యలో ఒక కాండ ఉంది. మీరు రెండు శ్లోకాలు అతికించేశారు. వారివర్గంలో 'సాంయాత్రికః పోతవణిక్ కర్ణధారస్తు నావికః, నియామకాః పోతవాహాః'. నియంత ఓడెక్కలేదు. క్షత్రియవర్గంలో రథం మీద ఉన్నాడు: 'నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః'.

పడవల పిచ్చి: ధన్యవాదాలు. తాతయ్య ఉంటే చెవి మెలిపెట్టేవాడు.

సర్వర్ కాపలా: అయితే ఓడ నడిపే నియామకుడు ఇప్పుడు ఉద్యోగం ఆర్డరు కాగితంలోకి వచ్చాడు, బండి తోలే నియంత దేశాలు తోలుతున్నాడు! ఇంగ్లీషు గవర్నరు కథా ఇదే. గ్రీకులో కుబెర్నాన్ అంటే చుక్కాని పట్టడం, లాటిన్‌లో గుబెర్నారె, ఆ దారినే గవర్న్. అదే గ్రీకు మాట తీసుకుని 1948లో గణితజ్ఞుడు వీనర్ తన నియంత్రణ శాస్త్రాన్ని సైబర్నెటిక్స్ అన్నాడు, దాన్ని విరిస్తే సైబర్ మిగిలింది. నేను రోజూ తిట్టుకునే కుబర్నెటీస్ సాఫ్ట్‌వేరు కూడా చుక్కానిదారుడే, లోగోలో ఓడ చక్రం ఉంటుంది చూడండి. మాదాపూర్ వెళ్లే మనమంతా చుక్కానాబాద్‌కి పోతున్నట్టు లెక్క.

అమరం బడి: గ్రీకు క లాటిన్‌లో గ ఎందుకైందో కూడా చెప్పండి మరి.

సర్వర్ కాపలా: ఎట్రుస్కన్ల నోట్లో నలిగి వచ్చిందంటారు. అది ఊహే.

గోదారి గట్టు: ఎక్కడి గ్రీకులు బాబూ! చుక్కాని అచ్చతెలుగు. చుక్కని ఆనవాలు పెట్టుకుని ఓడని తిప్పేది, చుక్క+ఆని. అరబ్బులు వచ్చేదాకా మనం ఒడ్డున కూర్చున్నామా? యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంది.

ద్రుతప్రకృతికం: ఓడ మనదైతే అందులో ప్రతి మేకుకీ పేరు మనదే కావాలా? సరంగు ఫారసీ నుంచి వచ్చిన మాట, గోదావరి లాంచీ మీద ఆయన్ని దింపేస్తారా? మన తూర్పు తీరపు మసులా పడవనే చూడండి. వెనక నిలబడ్డవాడి పొడవాటి తెడ్డే దానికి దారి చూపేది, చుక్కాని కాదు. వస్తువుతో పాటు పేరూ రావడంలో నామర్దా ఏముంది?

గోదారి గట్టు: మరి స కాస్తా చ ఎందుకైంది?

ద్రుతప్రకృతికం: చుక్కని సుక్క అనేవాళ్లు కోస్తాలో కొల్లలు. వాళ్ల నోట సుక్కాని విన్న చదువుకున్నవాడెవడో దాన్ని 'దిద్ది' చుక్కాని అని రాసి ఉంటాడు. ఇది నా సిద్ధాంతం, కొట్టేయండి. నాకు నిద్ర పట్టనివ్వనిది చ కాదు, చివరి ని. సుక్కాన్ వస్తువు, సుక్కానీ మనిషి. తమిళంలో సుక్కాన్ అనే అంటారు, వస్తువునే. మనం దివాన్‌ని దివాను, సామాన్‌ని సామాను, కమాన్‌ని కమాను చేసుకున్నాం. ఈ లెక్కన చుక్కాను రావాలి. ని వచ్చిందంటే మనం ముందు విన్నది మనిషి పేరే. సీకన్నీయే దిగివచ్చి కొయ్యముక్కయ్యాడు.

అమరం బడి: మనిషి కొయ్యవడం నేనెక్కడా వినలేదు. ఇంగ్లీషు పైలట్ దారి చూడండి, గ్రీకులో చుక్కాని తెడ్డు పేరు నుంచి మనిషి పేరు పుట్టింది. కర్ణధారుడూ అంతే. ముందు కర్ణం, అంటే చుక్కాని, తర్వాత దాన్ని పట్టుకునేవాడు. అక్బరు కాలపు అయినీ అక్బరీలో కూడా మనిషిని సుక్కాన్‌గీర్ అన్నారు, సుక్కాన్ పట్టేవాడని. ఒక్కో ఓడలో అలాంటివాళ్లు 20 మందికి మించి ఉండరట.

సర్వర్ కాపలా: అరబ్బీలో సుక్కాన్ అంటే నివాసులు అని కూడా. పాత దస్తావేజుల్లో 'సాకిన్ ఫలానా మౌజే' అని ఉంటుందే, ఆ సాకిన్‌కి బహువచనం. ఓడని కదలకుండా ఉంచేది కాబట్టి సుక్కాన్ అయిందేమో?

ద్రుతప్రకృతికం: చుక్కాని ఓడని కదలకుండా ఉంచదండీ, అది లంగరు పని.

అమరం బడి: సారథి పని కూడా నడపడమే అనుకుంటాం. పోతన భీష్ముడికి గుర్తున్నది మాత్రం రథం ఆగిన క్షణం. 'నరుమాటల్విని నవ్వుతో నుభయసేనా మధ్యమ క్షోణిలోఁ బరు లీక్షింప రథంబు నిలిపి'. అర్జునుడు ఆపమన్నాడు, కృష్ణుడు నవ్వుతూ ఆపాడు. అసలు నియంత ఆయన. అంపశయ్య మీద పడుకున్నవాడికి ఆ నవ్వు గుర్తుండటం... ఇక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

గోదారి గట్టు: గొంతు పట్టేసి గణం తప్పారు మాష్టారూ. 'నిల్పి'. మత్తేభంలో మూడోది రగణం, 'థంబునిల్'. నిలిపి అంటే రథం నిజంగానే ఆగిపోతుంది.

అమరం బడి: నిల్పే. టైపు చేసేటప్పుడు వేలు జారింది.

గోదారి గట్టు: జారింది వేలే అని నమ్ముతున్నాం.

పడవల పిచ్చి: అయ్యా, నా సీకన్నీ?

ద్రుతప్రకృతికం: వస్తున్నా. ఆ 'నవ్వుతో నుభయ'లో విభక్తి చివర నుంచి పక్క మాటకి అంటుకున్న నకారం చూశాక ఇంకోటి తట్టింది. నా మొదటి సిద్ధాంతం నేనే వెనక్కి తీసుకుంటున్నా. మన మాట మొదట 'చుక్కాను' అనే ఉండేది. 'చుక్కాన్ని పట్టు' అని ఓడ మీద రోజంతా అరుస్తుంటే, ఆ విభక్తే మాటకి అంటుకుపోయింది. అందులో ని ద్వితీయ!

అమరం బడి: అయితే 'చుక్కానిని పట్టు' అన్నప్పుడు రెండు ద్వితీయలా?

గోదారి గట్టు: అసలు చుక్కానిని అని ఎవరంటారండీ! మా గట్టు మీద అందరూ 'చుక్కాని పట్టు' అనే అంటారు.

ద్రుతప్రకృతికం: చూశారా, నేను చెప్పిందీ అదే.

గోదారి గట్టు: నేను చెప్పింది అది కాదు.