ఇళ్ల ధరలు పడిపోతే సామాన్యుడికి మేలా, కీడా?

అద్దెదారు (మియాపూర్):
ఇళ్ల ధరలు తగ్గాయని వార్త వస్తే చాలు, ఉపద్రవం ముంచుకొచ్చినట్టు మాట్లాడతారు. నాకు మాత్రం అది శుభవార్తే. ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నా, జీతం పెరిగే వేగం కంటే రెండు పడకగదుల ఫ్లాటు ధర పెరిగే వేగమే ఎక్కువ. బియ్యం ధర దిగితే అందరం సంతోషిస్తాం. ఇంటి ధర దిగితే ఎందుకు బాధపడాలి? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

తుళ్లూరు రైతుబిడ్డ:
మాది రాజధాని అమరావతికి భూమి ఇచ్చిన 29 గ్రామాల్లో ఒకటి. 2015లో భూసమీకరణ కింద మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. ఆ ప్లాట్లను నమ్ముకునే మా ఇళ్లలో చదువులు, పెళ్లిళ్లు తలపెట్టాం. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత ధర ఎంత పడిందని అందరూ అడుగుతారు. పడటం కాదండీ, అసలు అడిగే నాథుడే లేకుండా పోయాడు. చెల్లి పెళ్లికి నాన్నగారు ఒక ప్లాటు బేరం పెడితే, అంతకుముందు రోజూ ఇంటి చుట్టూ తిరిగిన మధ్యవర్తులు ఫోను ఎత్తడం మానేశారు. సగం ధరకే ఇస్తామన్నా, ఇంకా తగ్గుతుందేమో చూద్దామన్నారు. చివరికి కొన్నది ఎవరు? చేతిలో రొక్కం ఉండి ఏళ్ల తరబడి ఆగగలిగినవాళ్లు. మీలాగా జీతం మీద బతికేవాళ్లు మా గడప తొక్కలేదు. 2024లో ప్రభుత్వం మారాక ధరలు మళ్లీ లేచాయి. అవసరానికి తెగనమ్ముకున్నవాళ్లకు దాంతో ఒరిగిందేమిటి?

అద్దెదారు (మియాపూర్):
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ అక్కడ ధర కూలింది ఒక ప్రభుత్వ నిర్ణయం వల్ల. నేనడిగేది, అవసరానికి మించి కట్టిన ఫ్లాట్లు అమ్ముడుపోక ధర దిగడం గురించి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
గృహరుణాల విభాగంలో చాలాకాలం పనిచేశాను. ఒక లెక్క చూడండి. ఫ్లాటు 80 లక్షలు. బ్యాంకు 80 శాతం, అంటే 64 లక్షలు ఇస్తుంది. మిగతా 16 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం చొప్పున మరో 6 లక్షలు మీవి. రెండేళ్లలో ధర 20 శాతం పడిందనుకోండి, ఫ్లాటు విలువ 64 లక్షలు. మొదటి ఏళ్లలో వాయిదా సొమ్ములో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు పెద్దగా తరగదు. అమ్మితే వచ్చింది వచ్చినట్టు దాదాపుగా బ్యాంకుకే చెల్లు. మీ 22 లక్షలు గాలికి పోయినట్టే.

ఇంటికి తాళం వేసి బ్యాంకుకు అప్పగిస్తే సరిపోతుందని కొందరి భ్రమ. కాలిఫోర్నియా వంటి అమెరికా రాష్ట్రాల్లో, సొంత నివాసం కొనడానికి తీసుకున్న అప్పుకు చాలావరకు అలా చెల్లుతుంది. 2008 ప్రాంతంలో ధరలు కూలినప్పుడు అక్కడ ఎందరో అలాగే బయటపడ్డారు. మన దగ్గర అలా కుదరదు. మొండి బాకీల వసూలుకు తెచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆపై ఇంటిని వేలం వేసినా, తక్కువ పడిన సొమ్ముకు అప్పు తీసుకున్నవారు, హామీ ఉన్నవారు బాధ్యులే.

ఉండటానికి కొనుక్కుని వాయిదాలు సక్రమంగా కడుతున్నవారికి ధర పడినా ఏమీ కాదు. నలిగిపోయేది ఉద్యోగం పోయినవారు, విడిపోయిన దంపతులు, వైద్యానికి డబ్బు కావలసినవారు. ధరలు పడే కాలంలోనే ఉద్యోగాలకూ గండం వస్తుంది. అద్దెదారు గారూ, మీ ఉద్యోగాలు నిలకడగా ఉంటే కొనండి, కానీ కట్టడం పూర్తయిన ఇల్లే కొనండి. బుకింగులు ఆగితే బిల్డరు దగ్గర సొమ్ము ఆడదు, పని నిలిచిపోతుంది. అప్పుడు అద్దె, వాయిదా రెండూ మీ నెత్తినే.

ఇద్దరు పిల్లల తల్లి:
మాది 60 లక్షల ఫ్లాటు. అది అమ్మి కోటి రూపాయల ఇంటికి మారాలని ఉంది. రెండూ పది శాతం తగ్గితే మాకు పోయేది 6 లక్షలు, కలిసొచ్చేది 10 లక్షలు. అమ్మేవాళ్లందరూ నష్టపోతారని ఎలా అంటాం? పెద్ద ఇల్లు అమ్మి చిన్నదానికి మారే మా అత్తగారివాళ్లకు మాత్రం ఇది తిరగబడుతుంది.

దస్తావేజు లేఖరి (గుంటూరు):
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. బజారు ధర పడినా, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ప్రభుత్వం ఖరారు చేసి ఉంచే మార్కెట్ విలువ వెంటనే దిగదు. ఆ విలువ 60 లక్షలుండి, బేరం 50కి కుదిరిందనుకోండి. స్టాంపు సుంకం 60 మీదే కట్టాలి. ఆదాయపు పన్ను చట్టం 10 శాతం తేడా వరకే ఊరుకుంటుంది. అది దాటితే 60కి అమ్మినట్టే అమ్మినవారి లాభం లెక్కగడతారు, కొన్నవారికి ఆ 10 లక్షలను ఆదాయంగా చూస్తారు. విలువ నిర్ధారణ అధికారికి పంపమని అమ్మినవారు కోరవచ్చు. బేరం కుదుర్చుకునే ముందే ఆ విలువ చూసుకోండి.

అద్దెదారు (మియాపూర్):
నేను ఎదురుచూస్తున్న తగ్గింపులో ఇంత పన్ను దాగి ఉందని ఇప్పుడే తెలిసింది. పూర్తయిన ఇల్లే కొనాలన్న మాటా సరైనదే. అయినా ధరలు తగ్గాలన్న నా మాట మారదు. పెరిగినప్పుడు మార్కెట్ విలువను సవరించే ప్రభుత్వం, పడినప్పుడు కూడా అంతే చురుగ్గా తగ్గించాలి. అమ్మక తప్పనివారికి, కొనాలనుకునే మాకు ఇద్దరికీ కావలసింది అదే. ఈ విషయంలో తుళ్లూరు వారు మాతో కలుస్తారా?

తుళ్లూరు రైతుబిడ్డ:
తప్పకుండా. వినతిపత్రం రాయండి, మా ఊరి సంతకాలు నేను తెస్తాను.