10/22 లో బఫర్ విరిగింది: మళ్లీ స్టీల్ పిన్నే పెట్టాలా?

కొత్త షూటర్: నా రూగర్ 10/22 రైఫిల్‌లో బోల్ట్ (కాల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ జరిగే లోహపు దిమ్మ) వెనక్కొచ్చి గుద్దుకునే స్టీల్ పిన్ తీసేసి, ఆ టకటక చప్పుడు తగ్గుతుందని దాని చోట పాలీయురేథేన్ బఫర్ (రబ్బరు లాంటి మెత్తటి పిన్) వేశాను. చప్పుడు నిజంగానే తగ్గింది. ఈమధ్య మాత్రం పది తూటాల మ్యాగజైన్‌లో ఒకట్రెండు సార్లు జామ్ అవుతోంది. నిన్న విప్పి చూస్తే బఫర్ రెండు ముక్కలైపోయి, చిన్న తునక ట్రిగ్గర్ భాగంలో ఇరుక్కుని ఉంది. ఇంకోటి కొననా?

పాత చెయ్యి: ఎందుకండీ? 1964 నుంచి ఆ రైఫిల్ స్టీల్ పిన్‌తోనే వస్తోంది. .22 తూటాకి అసలు దెబ్బెంత? పిన్ విరగడం నేనింతవరకు చూడలేదు, విరిగిన బఫర్లు మాత్రం నా డబ్బాలోనే నాలుగున్నాయి.

నూనె సీసా: అన్నా, పిన్ స్టీలే, కానీ దాన్ని పట్టుకున్న రిసీవర్ (బోల్ట్ ఉండే పెట్టె) అల్యూమినియం కదా! నా భయమంతా అందులో పిన్ దూరే రంధ్రాలు అరుగుతాయేమోననే. బఫర్ అంటే సైకిల్ బ్రేకు రబ్బరు లాంటిది, అరిగితే మార్చుకోవాలి, అరిగిందని తిడితే ఎలా?

పాత చెయ్యి: బ్రేకు రబ్బరు అరిగితే ముక్కలై చక్రంలో పడదు తమ్ముడూ. ఇది పడుతుంది, అదే నా గొడవ. పైగా తుపాకీ శుభ్రం చేసే కొన్ని సాల్వెంట్లు తగిలితే పాలీయురేథేన్ ఉబ్బి మెత్తబడుతుంది, ఉబ్బితే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, అప్పుడు తర్వాతి తూటాని సరిగ్గా అందుకోలేదు. కొత్త షూటర్ గారూ, ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ (కాల్చే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా తడిమి, అప్పుడు విప్పండి. తునకలన్నీ ఏరి ముక్కలు పేర్చి చూడండి, బఫర్ పూర్తిగా రాకపోతే ఇంకా లోపలేదో ఉన్నట్టే. తర్వాత స్టీల్ పిన్ వేసి అదే డబ్బా తూటాలు కాల్చండి. అప్పటికీ జామైతే తప్పు బఫర్‌ది కాదు, చాంబర్ మురికో, ఎక్స్‌ట్రాక్టరో (కాలిన తూటా తొడుగును బయటికి లాగే కొక్కెం), బలం తక్కువ తూటాలో చూసుకోవాలి.

నూనె సీసా: ఈ పరీక్షకి నేనూ ఒప్పుకుంటా. రంధ్రాల మాట మాత్రం వదలను.

కొత్త షూటర్: పేర్చి చూస్తే ఓ మూల తక్కువైంది, అది బోల్ట్ కింద దొరికింది. పిన్ వేసి యాభై కాల్చాను, ఒక్కటీ ఆగలేదు. చప్పుడు మాత్రం మళ్లీ మొదలు. అన్నట్టు ఈ పిన్ ఎంత వదులుగా ఉందంటే, తుడుద్దామని రైఫిల్‌ని స్టాకులోంచి (భుజానికి ఆనించే పిడి భాగం) తీయగానే జారి కిందపడింది, పది నిమిషాలు బల్ల కింద వెతుక్కున్నాను.