టికెట్లు తెరిచిన నిమిషానికే సైట్ పడిపోయింది, మైక్రోసర్వీసులుగా విడగొట్టాలా?

మాదాపూర్ కోడర్
మాది మాదాపూర్‌లో చిన్న కంపెనీ. కచేరీలకు, మ్యాచ్‌లకు ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్ముతాం. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. పోయిన నెల ఒక పెద్ద సంగీత కార్యక్రమానికి ఉదయం 10 గంటలకు అమ్మకం మొదలుపెడితే నిమిషంలోనే అంతా నిలిచిపోయింది. జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఒకే అప్లికేషన్, వెనక ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అంతా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌లో. రద్దీని బట్టి సర్వర్లను తనే పెంచే ఆటోస్కేలింగ్ ఉంది, సర్వర్లు పెరిగాయి కూడా, అయినా ఎర్రర్లే. మొత్తాన్ని మైక్రోసర్వీసులుగా, అంటే వేటికవే నడిచే చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టమని మా సార్ అంటున్నారు. తర్వాతి పెద్ద అమ్మకానికి రెండు నెలలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

కొండాపూర్ ఆర్కిటెక్ట్
మీ సార్ చెప్పింది సరైనదే. సీట్ల మ్యాప్ చూసేవాళ్లు లక్షల్లో ఉంటారు, డబ్బు కట్టేవాళ్లు వేలల్లో ఉంటారు. అంతా ఒకే అప్లికేషన్ అయితే చూసేవాళ్ల రద్దీ వెళ్లి కట్టేవాళ్ల మీద పడుతుంది. చూపించే భాగం, బుకింగ్, పేమెంట్ వేటికవి వేరు చేయండి. ఒకటి పడినా మిగతావి నిలబడతాయి. నెట్‌ఫ్లిక్స్‌కు 2008లో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయారు. ఆ తర్వాతే ఈ దారి పట్టి, 2016 మొదట్లో పూర్తిగా క్లౌడ్‌కు మారారు.

రాత్రి ఆన్‌కాల్
తమ్ముడూ, ఎవరి సలహా అయినా తర్వాత. ముందు లాగ్‌లో ఏ ఎర్రర్ ఎక్కువగా ఉందో చెప్పు.

మాదాపూర్ కోడర్
"సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్‌రెడీ" అనేదే వేలల్లో ఉందన్నా.

రాత్రి ఆన్‌కాల్
అదీ సంగతి. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్ నడుపుతుంది. సెట్టింగ్ మార్చకపోతే కనెక్షన్ల పరిమితి 100. ఆటోస్కేలింగ్ లేపిన ప్రతి కొత్త సర్వర్ వెళ్లి అదే డేటాబేస్‌ను కొత్త కనెక్షన్లు అడిగింది. సర్వర్లు పెరిగేకొద్దీ పరిస్థితి ఇంకా దిగజారింది. మధ్యలో కనెక్షన్లను పంచిపెట్టే పీజీబౌన్సర్‌ను ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెట్టు, ఒక్కో లావాదేవీ అవగానే ఆ కనెక్షన్ ఇంకొకరికి పోతుంది. అప్లికేషన్ వైపు వేల కనెక్షన్లున్నా డేటాబేస్ దగ్గర కొద్ది కనెక్షన్లతోనే పని జరిగిపోతుంది. సీట్ల మ్యాప్‌ను రెండు మూడు సెకన్లు రెడిస్‌లో (డేటాను మెమరీలోనే ఉంచే సాఫ్ట్‌వేర్) ఉంచి అక్కడి నుంచే చూపించు. ఇదంతా రెండు నెలల్లో హాయిగా అయ్యే పని. విడగొట్టడం మొదలుపెడితే మాత్రం అమ్మకం రోజుకు సగంలో ఉంటావు.

అమీర్‌పేట్ కుర్రాడు
హైదరాబాద్ రీజియన్‌కు మార్చి చూడండి. 2022 నవంబరు నుంచి ఇక్కడే ఉంది కదా.

రాత్రి ఆన్‌కాల్
దూరం తగ్గితే కొన్ని మిల్లీసెకన్లు మిగులుతాయి, అంతే. రిక్వెస్టులు ఆగిపోయింది దారిలో కాదు, డేటాబేస్ ముందు.

కొండాపూర్ ఆర్కిటెక్ట్
100 అనడం తప్పు. ఏడబ్ల్యూఎస్సే నడిపే డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్ వాడుతుంటే ఆ పరిమితి మెషిన్ మెమరీని బట్టి పెరుగుతుంది.

రాత్రి ఆన్‌కాల్
ఆయన ఆర్‌డీఎస్ అని ఎక్కడన్నారు? నేను చెప్పింది పోస్ట్‌గ్రెస్ సొంత సెట్టింగ్.

కొండాపూర్ ఆర్కిటెక్ట్
ఏడబ్ల్యూఎస్ అన్నారు కదా. తెలియకుండా అంకెలు చెప్పకండి.

మాదాపూర్ కోడర్
ఆర్‌డీఎస్ కాదండి, ఈసీ2 మీద, అంటే ఏడబ్ల్యూఎస్ అద్దె సర్వర్ల మీద మేమే నడుపుతున్నాం. 100 నుంచి 300 చేశాం.

సైనిక్‌పురి
జాంగోతో పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్ పెడితే సర్వర్‌సైడ్ కర్సర్లు (ఫలితాలను డేటాబేస్ దగ్గరే ఉంచి విడతలుగా తెచ్చే పద్ధతి) ఆపే సెట్టింగ్ మర్చిపోవద్దు. చాలామంది అక్కడే ఇరుక్కుంటారు.

కొండాపూర్ ఆర్కిటెక్ట్
సరే, పీజీబౌన్సర్ పెట్టారనుకుందాం. వేలమంది ఒకే స్టాండ్‌లో సీట్లు అడిగితే డేటాబేస్‌లో అవే సీట్ల మీద లాక్ (ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు ముట్టుకోకుండా వేసే తాళం) కోసం అంతా ఆగుతారు కదా? అందుకే బుకింగ్ వేరుగా ఉండాలంటున్నాను.

రాత్రి ఆన్‌కాల్
వేరు సర్వీస్‌లో పెట్టినంత మాత్రాన లాక్ ఎక్కడికీ పోదు. ఫలానా సీటే కావాలనని వాళ్లకు "స్కిప్ లాక్డ్" వాడితే చాలు, పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచీ ఉంది. ఒకరు పట్టుకున్న సీటును వదిలేసి తర్వాతి ఖాళీ సీటు ఇస్తుంది.

ఈ విడగొట్టడాలు ఎలా ముగుస్తాయో నేను చూశాను. పాత కంపెనీలో, పేరు చెప్పను, ఇలాగే బాగున్న అప్లికేషన్‌ను ముక్కలు చేశారు. అర్ధరాత్రి అలారం మోగితే ప్రతి టీమూ "మా సర్వీస్ బాగానే ఉంది" అనేది. మొత్తం ఎక్కడ ఆగిందో మాత్రం ఎవరికీ తెలియదు. లెక్క కూడా చూడండి. ఒక బుకింగ్ అయిదు సర్వీసులు దాటాలి, ఒక్కోటి 99.9 శాతం సమయం నిలబడుతుందనుకుంటే మొత్తం కలిపి 99.5 శాతమే. డిజైన్ బొమ్మలు గీసినవాళ్లు ఆరు గంటలకు ఇంటికెళ్లారు. రాత్రంతా లేచి కూర్చున్నది మేం.

కొండాపూర్ ఆర్కిటెక్ట్
మీ పాత కంపెనీ మీద కోపం నా మీద చూపించకండి. హాట్‌స్టార్ 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌ను ఒకేసారి 2.5 కోట్ల మందికి పైగా చూశారు. అది ఒక్క డేటాబేస్, పీజీబౌన్సర్‌తో అయిన పనా?

రాత్రి ఆన్‌కాల్
ఎంతమంది వచ్చినా వీడియో అందరికీ ఒకటే, చోటు చోటా కాపీలు ఉంచే సీడీఎన్ సర్వర్ల నుంచి పోతుంది. టికెట్ అలా కాదు, ఒక సీటు ఒక్కరికే. ఇంకొకటి. వాళ్లు కూడా ఆటోస్కేలింగ్‌ను నమ్ముకోలేదు. అది అందుకునేలోపే జనం వచ్చేస్తారని సర్వర్లను ముందే పెంచి పెట్టుకున్నారు.

లక్డీకాపూల్ లత
మీరిద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. కోడర్ గారూ, ఆ రోజు సీట్లు ఎన్ని? వచ్చినవాళ్లు ఎంతమంది?

మాదాపూర్ కోడర్
సీట్లు 20 వేల లోపే అక్కా. వచ్చింది రెండు లక్షల పైమాటే.

లక్డీకాపూల్ లత
అంటే సైట్ ఎంత బాగా నడిచినా పదిమందిలో తొమ్మిది మందికి టికెట్ రాదు. వాళ్లందరినీ సీట్ల మ్యాప్ దాకా ఎందుకు రానివ్వాలి? ముందు డేటాబేస్ జోలికి పోని ఒక స్టాటిక్ పేజీ పెట్టి, వంతు కోసం టోకెన్ ఇవ్వండి. డేటాబేస్ తట్టుకోగలిగినంత మందినే లోపలికి పంపండి. 2022 సెప్టెంబరులో ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. ఒక్కసారిగా గేటు మీద పడనిస్తే ఏమవుతుందో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

రాత్రి ఆన్‌కాల్
మొదటినుంచీ నా బాధ ఇదే లతగారూ. వచ్చినవాళ్లందరినీ లోపలికి పంపిస్తారు, పడిపోతే మమ్మల్ని లేపుతారు.

కొండాపూర్ ఆర్కిటెక్ట్
నేను ఒప్పుకోను. బయట ఆపడమంటే కొందరికి అవకాశమే లేకుండా చేయడం. మా తమ్ముడు సూర్యాపేట దగ్గర పల్లెలో ఉండి ఒక కోర్సు సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇలాంటి వరుసలోనే గంటల కొద్దీ నిలబెట్టారు. తీరా వాడి వంతు వచ్చేసరికి సిగ్నల్ పోయి టోకెన్ చెల్లలేదు. మళ్లీ చివర్నుంచి మొదలు. ఇక్కడ ఫైబర్ ఉన్న వాళ్లంతా సీట్లు తీసుకున్నారు. అందుకే, ఎంత ఖర్చయినా వచ్చిన ప్రతి మనిషినీ తట్టుకునేలా కట్టాలని నేను అంటాను.

అమీర్‌పేట్ కుర్రాడు
ఇది ముందే చెప్పి ఉంటే ఆ 100 గొడవ ఉండేది కాదు అన్నా.

లక్డీకాపూల్ లత
మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. కానీ అందరినీ లోపలికి వదిలినా గెలిచేది ఫైబర్ ఉన్నవాళ్లే, వాళ్ల క్లిక్కే ముందు చేరుతుంది. 10 గంటల లోపు పేజీకి వచ్చినవాళ్లందరినీ సమానంగా చూసి, 10 కొట్టగానే లాటరీ పద్ధతిలో నంబర్లు ఇవ్వండి. టోకెన్‌ను ఫోన్ నంబరుకు ముడిపెట్టండి. సిగ్నల్ పోయి తిరిగి వచ్చినా అదే చోటు ఉంటుంది.

రాత్రి ఆన్‌కాల్
ఓటీపీలు మాత్రం ముందురోజు నుంచే తీసుకోవాలి. 9.55కి అందరికీ ఎస్ఎంఎస్ పంపాలంటే అక్కడ కూలుతుంది. ఇంకా, పేజీ తనంతట తాను మళ్లీ అడిగేటప్పుడు అందరూ ఒకే క్షణంలో అడగకుండా సమయాన్ని కొంచెం అటూ ఇటూ చెదరగొట్టాలి.

మాదాపూర్ కోడర్
మా సార్‌తో మాట్లాడాను. వరుస వద్దంటున్నారు. సీట్ల మ్యాప్ దాకా ఎంతమంది వచ్చారో స్పాన్సర్లకు చూపించాలట. విడగొట్టమన్నదీ అందుకేనట.

రాత్రి ఆన్‌కాల్
టోకెన్ పేజీలో కూడా స్పాన్సర్ల బొమ్మలు పెట్టొచ్చు, వచ్చినవాళ్లను అక్కడే లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క ఇంకా పెద్దగా ఉంటుంది. ఈ మాట చెప్పి చూడు తమ్ముడూ.

కొండాపూర్ ఆర్కిటెక్ట్
వంతు వచ్చాక లోపల ఎంత సమయం ఇస్తారు? అయిదు నిమిషాలంటే 2జీకి పడిపోయిన ఫోన్‌లో పేమెంట్ పేజీ కూడా తెరుచుకోదు. అది తేలనిదే లాటరీకి కూడా నేను ఒప్పుకోను.

లక్డీకాపూల్ లత
సీటు ఎంచుకోవడానికి వేరే గడువు, డబ్బు కట్టడానికి వేరే గడువు పెట్టండి. పేమెంట్ మొదలైందని పేమెంట్ గేట్‌వే (డబ్బు తీసుకునే సేవ) చెప్పాక ఫలితం తేలేదాకా సీటు విడిచిపెట్టకూడదు. కోడర్ గారూ, మీ గేట్‌వే ఆ సమాచారం వెంటనే పంపుతుందా, లేక మీరే మళ్లీ మళ్లీ అడగాలా?