సదరం రీవెరిఫికేషన్: 40 శాతం కిందకు వస్తే పింఛను ఆపేయడం న్యాయమేనా?

పోలవరం_పిల్లోడు
మా అన్నకు 44 ఏళ్లు. మూడో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. 2011లో వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ సదరం క్యాంపులో 62 శాతం, శాశ్వతం అని సర్టిఫికెట్ ఇచ్చారు. 2025 ఆగస్టులో నోటీసు తెచ్చి చేతిలో పెట్టారు. మళ్లీ చేసిన పరీక్షలో 38 శాతమే వచ్చింది కాబట్టి అనర్హుడట. ఆ 38 ఎలా వచ్చిందో మాత్రం ఒక్క ముక్క లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఏపీలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచానికే పరిమితమైనవాళ్లకు 5,000 నుంచి 15,000. బోగస్ సర్టిఫికెట్లు ఏరేస్తామని 2025 జనవరి నుంచి మళ్లీ పరీక్షలు మొదలుపెట్టారు. ఆగస్టులో లక్ష మందికి పైగా నోటీసులు వెళ్లాయి. గొడవ పెద్దదయ్యాక అప్పీలు పెట్టుకోండి అన్నారు.

పరీక్ష రోజు అన్నతో నేనే ఉన్నాను. పొద్దున 8కి టోకెన్ తీసుకుంటే మధ్యాహ్నం రెండున్నరకు పిలిచారు. కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్ పట్టీలు విప్పబోతుంటే అక్కర్లేదు అన్నారు డాక్టరు. "ఏం పని చేస్తావు?" "టైలరింగ్ సార్." "మిషన్ తొక్కుతావా?" "ఎడమ కాలితో తొక్కుతాను సార్." ఏదో రాసుకుని పొమ్మన్నారు. మొత్తం నాలుగు నిమిషాలు.

పద్నాలుగేళ్లుగా చెల్లుతున్న సర్టిఫికెట్‌ను చెల్లదు అనాలంటే కారణం వాళ్లు చూపించాలా, మావాడే మళ్లీ మొదట్నుంచి నిరూపించుకోవాలా? ఇదే నా ప్రశ్న.

నిజం_నిష్ఠూరం
మీ అన్న మిషన్ తొక్కి సంపాదించుకుంటున్నాడని మీరే రాశారు. ఇంక అన్యాయం ఎక్కడుంది? మా ఊళ్లో చెవుడని సర్టిఫికెట్ తెచ్చుకున్న ఇద్దరు రోజూ రచ్చబండ దగ్గర ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడతారు. ఒకాయనకు మూడెకరాల మాగాణి కూడా ఉంది. పరీక్ష పెట్టకపోతే వీళ్లు ఎలా బయటపడతారు?

బందరు_లడ్డు
దయచేసి పార్టీల గోల తేకండి.

పోలవరం_పిల్లోడు
పరీక్ష వద్దని నేనెక్కడ అన్నాను? సరిగ్గా చేయమంటున్నాను. మీ ఊరి ఫోన్ మనుషులకూ, మా అన్న కాలికీ సంబంధం ఏంటి?

నిజం_నిష్ఠూరం
ముందు నా ప్రశ్నకు జవాబివ్వండి. మిషన్ తొక్కుతున్నాడా, లేదా?

ఎముకల_డాక్టర్
నేను ఇలాంటి క్యాంపుల్లో కూర్చున్నదాన్నే. పని చేసుకుంటున్నాడా లేదా అన్నది శాతం లెక్కలోకి రాదు. కాలి వైకల్యానికి కీళ్లు ఎంత మేర కదులుతున్నాయి, కండరాల్లో బలం ఎంత అని చూస్తాం. ఆ తర్వాత నిలకడ చూడాలి. చదునైన నేల మీద నడిపించాలి, వాలు మీద నడిపించాలి, మెట్లు ఎక్కించాలి, జబ్బు కాలి మీద నిలబెట్టాలి, గొంతుక్కూర్చోబెట్టాలి, బాసింపట్టు వేయించాలి, మోకాళ్ల మీద కూర్చోబెట్టాలి, నడుస్తూ మలుపు తిప్పించాలి. ఒక్కోదానికి మార్కులుంటాయి. కాలిపర్ తీయకుండా వీటిలో సగం తెలియవు.

ఇంకో సంగతి. మీ అన్న కాలు మారకపోయినా శాతం మారొచ్చు. 2010లో సదరం మొదలైనప్పుడు 2001 నాటి మార్గదర్శకాలు ఉండేవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తర్వాత కేంద్రం 2018లో కొత్తవి ఇచ్చింది, 2024 మార్చిలో మళ్లీ మార్చింది. ఏ లెక్క ప్రకారం 38 వేశారో నోటీసులో రాసి ఉంటే ఇంత అనుమానం ఉండేది కాదు.

పోలవరం_పిల్లోడు
వీటిలో ఒక్కటి కూడా చేయించలేదు డాక్టరమ్మా. మెట్లు ఎక్కించి ఉంటే చూసేవాళ్లు, రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు మావాడు.

నిజం_నిష్ఠూరం
డాక్టరు గారు, మరి 2011లో 62 వేసింది కూడా డాక్టరే కదా? ఎవరి లెక్క నిజం? డబ్బులు తీసుకుని శాతాలు పెంచినవాళ్లు మీలో లేరా? సర్టిఫికెట్‌కు ఇంత అని బ్రోకర్లు రేటు చెప్పడం నా చెవులారా విన్నాను.

ఎముకల_డాక్టర్
ఉన్నారు. నేను కాదనను. కానీ సంతకం పెట్టినవాళ్లకు ఎన్ని నోటీసులు వెళ్లాయో మీరూ ఒకసారి అడగండి. తప్పు సర్టిఫికెట్ ఇచ్చిన చెయ్యిని వదిలేసి, పుచ్చుకున్న చేతులన్నిటినీ వరసలో నిలబెట్టాం. చెవుడు సంగతి అంటారా, దానికి బెరా పరీక్ష ఉంది. మనిషి నటించినా మెదడుకు శబ్దం అందుతోందో లేదో మిషన్ చెప్పేస్తుంది. అనుమానం ఉన్నచోట అలాంటి పరీక్షలు గట్టిగా చేయండి. ఒక్క రోజులో 80 మందిని చూడమంటే మాత్రం నేనైనా తప్పులే రాస్తాను.

వార్డు_ఉద్యోగిని
నోటీసులు పంచినవాళ్లలో నేనూ ఒకదాన్ని. మాకు లిస్టు, కాగితాలు వచ్చాయి, ఇచ్చి సంతకం తీసుకోమన్నారు. ఒక ఇంట్లో చూపు సరిగా లేని పెద్దాయన నోటీసు చేత్తో తడుముతూ "ఈసారి ఎంత పెంచారమ్మా?" అని అడిగారు. నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

ఉపయోగపడే మాట చెబుతాను. అప్పీలు ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి, టౌన్లో అయితే మున్సిపల్ కమిషనర్ దగ్గర. పాత సదరం సర్టిఫికెట్, కొత్తది, నోటీసు, ఆధార్ జిరాక్సులు జత చేయండి. రసీదు తీసుకోకుండా రావద్దు. 60 దాటినవాళ్లు వృద్ధాప్య పింఛనుకు అర్హులేమో అడగండి, 4,000 అయినా ఆగకుండా వస్తుంది.

అనంత_సీత
మా అత్తకు "టెంపరరీ" అని వచ్చింది. పుట్టుకతో వంకర పాదం. టెంపరరీ ఎలా అవుతుంది?

నిజం_నిష్ఠూరం
అందరూ ఏడుపు కథలే చెబుతున్నారు. అప్పీలు ఇచ్చారు, అప్పీలు పెట్టుకున్నవాళ్లకు పింఛను ఆపం అన్నారు. ఇంకేం కావాలి? జనం పన్నులండీ ఇవి.

పోలవరం_పిల్లోడు
కాలు చచ్చుబడినవాడిని ఇంకో ఆస్పత్రికి 60 కిలోమీటర్లు తిప్పడం మీకు ఏమీ అనిపించదా? ఆటోకు 1,400 అడిగాడు. కాలు నొప్పికి రాత్రంతా నిద్రపోలేదు మా అన్న. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే తెలిసేది మీకు. నొప్పి తెలియనివాళ్లతో వాదన దండగ.

నిజం_నిష్ఠూరం
ఉందండీ. మా ఇంట్లో ఉంది.

మా చెల్లికి 26 ఏళ్లు. బుద్ధిమాంద్యం, 75 శాతం. ఇప్పటికీ అన్నం అమ్మే కలిపి పెట్టాలి. నెలసరి సంగతులు కూడా అమ్మే చూసుకోవాలి, అమ్మకేమో 63. సర్టిఫికెట్ వచ్చి రెండేళ్లు దాటింది, ఒక్క రూపాయి రాలేదు. గ్రామ సచివాలయానికి వెళ్లిన ప్రతిసారీ కొత్త పింఛన్లకు సైట్ ఓపెన్ కాలేదు అంటారు. అదే గుమ్మంలోంచి ఆ మూడెకరాల ఆయన ఒకటో తారీఖున 6,000 లెక్కపెట్టుకుంటూ బయటికొస్తాడు. ఇప్పుడు చెప్పండి, ఏరేయమని నేను అడగడం తప్పా? మీ అన్నకు అన్యాయం జరిగితే అప్పీలు ఉంది, నోటీసు ఉంది, టీవీల్లో చర్చ ఉంది. మా చెల్లికి నోటీసు కూడా రాదు. ఉన్నది పోతే కదా నోటీసు ఇచ్చేది.

బందరు_లడ్డు
🙏

పోలవరం_పిల్లోడు
నొప్పి తెలియదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి.

కానీ ఒక్కటి అడుగుతాను అన్నా. మా అన్నను తీసేస్తే మీ చెల్లికి వస్తుందని ఎవరు చెప్పారు? ఒకరు దిగితే ఒకరు ఎక్కే బస్సు సీటు కాదు కదా ఇది. 75 శాతం ఉన్న మనిషికి సైట్ తెరవకపోవడం ఒక తప్పు. కాలిపర్ విప్పకుండా 38 రాయడం ఇంకో తప్పు. రెండోది చేస్తే మొదటిది ఎలా సరిపోతుంది?

నిజం_నిష్ఠూరం
డబ్బు ఎక్కడి నుంచైనా రావాలి. బోగస్ పోనిదే కొత్తవి ఇవ్వరు. నేను చూసేది అదే. ఏరివేతలో పదిమంది నిజమైనవాళ్లకు ఆలస్యం అయినా, వందమంది దొంగలు పోతే మంచిదే అంటాను. మీరు ఒప్పుకోరు, నాకు తెలుసు.

ఎముకల_డాక్టర్
ఆలస్యం అని తేలిగ్గా అనేశారు. 6,000తో మందులు కొనుక్కునేవాళ్లకు ఒక నెల ఆగితే ఏమవుతుందో నేను ఓపీలో చూస్తాను.

ఒక విషయం ఇద్దరికీ పనికొస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2017లో వచ్చిన నియమాల ప్రకారం, సర్టిఫికెట్‌కు అర్హత లేదంటే కారణం రాసి ఇవ్వాలి. టెంపరరీ అయితే ఎప్పటివరకు చెల్లుతుందో సర్టిఫికెట్ మీదే రాయాలి. సీత గారు, మీ అత్తగారి కాగితంలో ఆ తేదీ ఉందేమో చూడండి. పిల్లోడు గారు, మీరు అప్పీల్లో న్యాయం చేయండి అని మాత్రమే రాసి వదిలేయకండి. కండరాల బలం ఎంత వేశారు, నిలకడ పరీక్షలో ఏ అంశానికి ఎన్ని మార్కులు వేశారు, ఆ షీటు కాపీ ఇవ్వండి అని రాయండి.

పోలవరం_పిల్లోడు
థాంక్స్ డాక్టరమ్మా. సోమవారం ఎంపీడీవో ఆఫీసుకు వెళ్తున్నాం. ఈసారి నడక, మెట్లు ఎక్కడం అన్నీ సెల్‌ఫోన్లో వీడియో తీసి ఉంచాను.

నిజం_నిష్ఠూరం
ఆ షీటు ఇచ్చారో లేదో ఇక్కడ రాయండి. నా మాట మీద నేనున్నాను. అయినా కారణం రాసి ఇవ్వాలన్న ఆ నియమం ఏదో మా చెల్లి దరఖాస్తుకు కూడా వర్తిస్తుందా డాక్టరు గారు? సైట్ తెరవలేదన్న మాటైనా కాగితం మీద రాసిమ్మని అడుగుతాను.

వార్డు_ఉద్యోగిని
అడగండి. దరఖాస్తు రాసి తీసుకెళ్లి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. ఉత్త నోటిమాటతో వెనక్కి రావద్దు.