"కలిగితె"నా, "కలిగితే"నా?

రాజాం టీచర్: హాలండ్ కరువు గురించి చదువుతుంటే గురజాడ వారి "తిండి కలిగి..." పాదం మనసును పట్టుకుంది. పిల్లలతో "కలిగితే" అని పాడిస్తాం, ఒక పుస్తకంలో "కలిగితె" ఉంది. ఏది సరి? ఇంకో సందేహం, ఆ తిండి తినేవాడిదేనా?

బొబ్బిలి మాస్టారు: హ్రస్వమే. ముత్యాల సరం ఛందస్సు నడక మూడు, నాలుగు మాత్రలు. తిండి - కలిగితె - కండ - కలదోయ్. "తే" పెడితే రెండో గణం ఐదు మాత్రలై కుంటుతుంది.

విజయనగరం: "ఈసురోమని మనుషులుంటే"లో దీర్ఘం ఉంది కదా మాస్టారూ!

బొబ్బిలి మాస్టారు: అక్కడి గణం "లుంటే", సరిగ్గా నాలుగు మాత్రలు. మీ ఉదాహరణ నా వైపే ఉందండీ.

శ్రీకాకుళం బయాలజీ లెక్చరర్: తిండి ఎవరిదన్న ప్రశ్న పక్కకు పోయింది. 1944-45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధంతో పశ్చిమ హాలండ్ పస్తులుంది. సరిగ్గా ఆ రోజుల్లో కడుపున పడ్డవాళ్లను అరవై ఏళ్ల తర్వాత పరీక్షించారు. కరువు తాకని తోబుట్టువులతో పోలిస్తే వాళ్లలో ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు, అంటే డీఎన్ఏకు అంటుకునే చిన్న రసాయన గుర్తులు, తక్కువ. డీఎన్ఏ అక్షరాలు అవే, ఏ జన్యువు ఎంత పనిచేయాలో చెప్పే గుర్తులు మారాయి. ఆ కరువులో గర్భం మొదటి సగం గడిచిన మగపిల్లల్లో పందొమ్మిదేళ్లకు స్థూలకాయం ఎక్కువ కనిపించింది. ఆ గుర్తే దానికి కారణమని రుజువు కాలేదు. అయినా నా మటుకు ఆ తిండి తల్లిది కూడా.

పలాస: మా ఉద్దానం కిడ్నీ జబ్బూ ఇలాంటిదేనా మేడమ్?

లెక్చరర్: దాని కారణం ఇంకా తేలలేదండీ, దీన్ని అంటగట్టొద్దు. క్యాన్సర్‌లో మాత్రం ఈ గుర్తుల పాత్రకు ఆధారం గట్టిది. కణితిని అడ్డుకునే జన్యువులను మిథైల్ గుర్తులు పనిచేయనివ్వవు. ఎముక మజ్జకు వచ్చే ఎండీఎస్ జబ్బుకు వాడే అజాసిటిడిన్ మందు ఆ గుర్తులను తగ్గిస్తుంది. అమెరికాలో 2004లోనే దానికి అనుమతి వచ్చింది.

విజయనగరం: చూశారా, ఒళ్లు వేరు, కండ వేరు! పస్తుల పిల్లలకు ఒళ్లొచ్చింది. కవి అడిగింది సత్తువ.

బొబ్బిలి మాస్టారు: కండంటే కండే. పై పాదంలో "పాడిపంటలు పొంగి పొర్లే" అన్నాడు, అంటే పాలూ తిండిగింజలూ. అంతా ఒంటికి పట్టే సంగతే.

విజయనగరం: పాడికి న్యాయమన్న అర్థం కూడా ఉంది మాస్టారూ. ఆయన అది ఎరగనివాడా?

బొబ్బిలి మాస్టారు: పక్కన పంట ఉన్నాక న్యాయం ఎక్కడిదండీ? ఆ అర్థంలో "పాడిపంటలు" అన్న ప్రయోగం ఒక్కటి చూపించండి.