ఓటీజీలో 180 పెడతాం, డల్లాస్ ఓవెన్‌లో ఎంత పెట్టాల?

అనంత_ఓటీజీ:
నమస్తే. అనంతపురంలో 28 లీటర్ల ఓటీజీ (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) వాడతాను. అందులో చేసేవి మూడే. ఏడంగుళాల టిన్నులో గుడ్డు లేని కేకు (180 డిగ్రీలు, 40 నిమిషాలు, కింది అర), అయ్యంగార్ బేకరీ పద్ధతి ఖారా బన్, ఊరుబిండికీ పొడికీ శెనక్కాయ విత్తనాలు వేయించడం. వచ్చే నెల పాప కాన్పుకని డల్లాస్ పోతున్నాం. వాళ్లింటి ఓవెన్ ఫొటో పంపింది. పొయ్యి కిందనే ఉంది, బీరువా అంత, కరెంటుది. బటన్లేమో బేక్, బ్రాయిల్, కన్వెక్షన్ బేక్, సెల్ఫ్ క్లీన్. పై రాడ్డు, కింది రాడ్డు అని తిప్పి ఎంచుకునే మర ఎక్కడా కనపడలేదు. బేక్ నొక్కితే 350 అని చూపిస్తుందంట. మన 180కి అక్కడ ఎంత పెట్టాల? ఏ బటన్? టైము అదేనా? మన ఓటీజీనే పెట్టెలో వేసుకుపోతే ఈ తలనొప్పి ఉండదు గదా?

కర్నూలు_బేకు:
అక్కా, పోకముందు ఇక్కడే ఒక పని చేయండి. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొని మీ ఓటీజీలో పెట్టి చూడండి. మర మీద 180 గీత ఉంటుంది గానీ లోపల 160 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. మీకు కేకు బాగా వస్తున్నది మర మీది 180కి. లోపలి వేడి ఎంతో తెలియకుండా ఆ అంకెను అక్కడి ఓవెన్ చూపించే ఫారన్‌హీట్‌లోకి మారిస్తే తప్పు అంకె ఇంకో వేషం వేసుకుని వస్తుంది, అంతే. టిన్ను పెట్టే చోటనే, ఊచల నడిమధ్య థర్మామీటర్ పెట్టండి. వేడెక్కాక ఇరవై నిమిషాలు వదిలేసి, తర్వాత అయిదు నిమిషాలకోసారి అద్దంలోంచి చూసి నాలుగు అంకెలు రాసుకోండి. వాటి సగటే మీ అసలు ఉష్ణోగ్రత. థర్మోస్టాట్ రాడ్లను ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసిన అంకెను నమ్మొద్దు.

మార్చే లెక్క: తొమ్మిదితో గుణించి, అయిదుతో భాగించి, 32 కలపాల. 160 అంటే 320, 180 అంటే 356, 200 అంటే 392. అక్కడి వంటల పుస్తకాలన్నీ 325, 350, 375, 400 అని పాతికల మీద నడుస్తాయి. 180కి 350 పెట్టండి, ఆ ఆరు డిగ్రీలకు కేకు ఏమీ అనుకోదు.

బటన్ల సంగతి. కేకుకైనా బన్‌కైనా బేక్ నొక్కాల. ఇందులో పని ఎక్కువగా కింది రాడ్డుది. కొన్నిట్లో ఆ రాడ్డు అడుగు రేకు కింద దాగి ఉంటుంది, కనపడలేదని భయపడొద్దు. బ్రాయిల్ అంటే పై రాడ్డు ఒక్కటే, నిప్పుల మీద కాల్చినట్టు, కాకపోతే మంట పైనుంచి. కేకుకు అది నొక్కితే అయిదారు నిమిషాల్లో పైన బొగ్గు, లోపల పిండి. కన్వెక్షన్ బేక్ అంటే వెనక ఫ్యాను తిరుగుతుంది, వేడి గాలి తగిలి త్వరగా ఉడుకుతుంది. మామూలుగా 25 ఫారన్‌హీట్ తగ్గించాల, అంటే 350 బదులు 325. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. కొన్ని ఓవెన్లు ఆ పాతిక వాటంతటవే తగ్గించుకుంటాయి. మీరు 350 అని కొట్టి స్టార్ట్ నొక్కగానే తెర మీద 325 పడితే అది తగ్గించినట్టే. మళ్లీ మీరూ తగ్గిస్తే యాభై పోయి కేకు మధ్యలో కుంగుతుంది. మొదటి వారం ఫ్యాను జోలికి పోకుండా బేక్‌తోనే చేయండి.

సెల్ఫ్ క్లీన్ ముట్టుకోవద్దు. తలుపు తాళం పడి లోపల సుమారు 480 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు పోయి, అంటిన జిడ్డునంతా బూడిద చేస్తుంది. రెండు మూడు గంటలు ఆ వాసన ఇల్లంతా. బాలింత ఉన్న ఇంట్లో అది అక్కర్లేదు.

ఇక టైము. మీది 28 లీటర్లు, అక్కడిది దాదాపు 140. ఓటీజీలో టిన్నుకూ రాడ్డుకూ మధ్య మూడు నాలుగు అంగుళాలే. ఎర్రగా కాలిన రాడ్డు సెగ సూటిగా తగులుతుంది కాబట్టే పాతిక నిమిషాలకే పైన ఎర్రబడి మనం రేకు కప్పుతాం. పెద్ద ఓవెన్‌లో ఉడికించేది గాలి, గోడలు. కేకు నెమ్మదిగా, అన్ని వైపులా సమంగా రంగు తిరుగుతుంది, రేకు అక్కర్లేదు. ఓటీజీ అలవాటు కొద్దీ కింది అరలో పెడితే మాత్రం అడుగు మాడుతుంది. టిన్ను మధ్యభాగం ఓవెన్ మధ్యభాగానికి రావాల, అంటే ఊచల అరను నడిమికి ఒక మెట్టు కింద పెట్టుకోవాల. వేడెక్కకముందే ఆ అర సర్దుకోండి, కాలిన ఊచలను తర్వాత లాగడం కష్టం.

ప్రీహీట్ అయిందని పీప్ అంటుంది, నమ్మి వెంటనే పెట్టొద్దు. అది గాలి వేడికి మోగుతుంది, గోడలు ఇంకా కాలి ఉండవు. తలుపు తీయగానే ఆ గాలి కాస్తా బయటికి పోతుంది. పీప్ తర్వాత ఇంకో పది, పదిహేను నిమిషాలు ఆగండి. వేడెక్కేటప్పుడు చాలా ఓవెన్లలో పై రాడ్డు కూడా వెలుగుతుంది, అందుకే ఆ దశలో పెట్టిన కేకుకు నెత్తిన మాడు.

అక్కడ దొరికే గుండ్రటి టిన్నులు ఎనిమిది, తొమ్మిది అంగుళాలవి. ఏడంగుళాల టిన్ను అడుగు 38 చదరపు అంగుళాలు, తొమ్మిదిది 64. అదే పిండి అందులో పోస్తే పలచగా పరుచుకుని పాతిక నిమిషాలకే అయిపోతుంది. ఎనిమిది అంగుళాల దానికి కొలతలన్నీ 1.3 రెట్లు, తొమ్మిదికి 1.65 రెట్లు చేయండి. లేదా మీ టిన్నే పట్టుకుపోండి, బరువేముంది.

కడప_వైరింగ్:
ఓటీజీ మాత్రం తీసుకుపోవద్దమ్మా. మనది 230 వోల్టులు, అమెరికా గోడ ప్లగ్గులో 120. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావు వంతు అవుతుంది. 1500 వాట్ల రాడ్లు అక్కడ 400 వాట్లే ఇస్తాయి. రాడ్డు ఎర్రబడను కూడా ఎర్రబడదు, కేకు గంటన్నర ఆరబెట్టినట్టు ఉంటుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు, చాలామంది పొరపడేది అక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ, 1500 వాట్లు మోసేది ఓటీజీ కంటే బరువు ఉంటుంది. అక్కడి చిన్న ఓవెన్ ఇక్కడికి తెస్తే దీనికి తిరగబడ్డ కథ: నాలుగింతల వేడి, నిమిషాల్లో రాడ్డు తెగుతుంది. కువైట్‌కైతే ఈ చిక్కు లేదు, అక్కడ 240 వోల్టులు, మూడు పలకల పిన్ను అడాప్టర్ ఉంటే చాలు.

అనంత_ఓటీజీ:
థర్మామీటర్ పెట్టి చూశా. మర 180 దగ్గర 195, 170, 200, 175 వచ్చింది. సగటు 185. ఇన్నాళ్లూ గీత సరిగ్గా 180 అనుకున్నా, పెద్ద తేడా లేదు గానీ ఊగులాట చాలా ఉంది. శెనక్కాయలు, ఖారా బన్ గురించి ఎవరన్నా చెప్పండి. అక్కడ థర్మామీటర్ దొరక్కపోతే ఎట్ల?

గుత్తి_రోడ్డు_బేకరీ:
185 అంటే 365 ఫారన్‌హీట్. 350తో మొదలుపెట్టి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరిపోతుంది.

థర్మామీటర్ మీదే పట్టుకుపోండి, అరచేతి అంత ఉంటుంది. అది లేకపోతే చక్కెర ఉంది. చక్కెర 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఫారన్‌హీట్‌లో 367. ఒక చెంచా చక్కెర రేకు మీద పలచగా పోసి, 350లో బాగా వేడెక్కిన ఓవెన్‌లో పదిహేను నిమిషాలు ఉంచండి. కరగకూడదు. తర్వాత 375కి పెంచి, వేడి కుదిరాక కొత్త చక్కెరతో ఇంకో పదిహేను నిమిషాలు. ఇప్పుడు కరగాల. 350లోనే పాకమైతే ఓవెన్ ఎక్కువ కాలుతోంది, 375లోనూ గింజ గింజగానే ఉంటే తక్కువ కాలుతోంది. చాలా డిజిటల్ ఓవెన్లలో ఈ తేడాను సెట్టింగుల్లో 30, 35 డిగ్రీల వరకు సరిచేసుకోవచ్చు. సెంటీగ్రేడ్‌కు మార్చే ఏర్పాటు కూడా ఉంటుంది. తలుపు తీస్తే చట్రం అంచున మోడల్ నంబరు చీటీ అంటించి ఉంటుంది, దాంతో మాన్యువల్ వెతకండి. అల్లుడికి చెప్పకుండా మార్చొద్దు, వాళ్ల పిజ్జాలు తేడా కొడతాయి.

ఏ మూల ఎక్కువ కాలుతుందో తెలియాలంటే ఊచల నిండా బ్రెడ్డు ముక్కలు పరచండి. 350లో పది నిమిషాలు. వెనక ఎడమ మూల ముక్క ఎర్రగా, తలుపు దగ్గరిది తెల్లగా వస్తే, కేకును మూడు వంతుల టైము గడిచాక ఒకసారి తిప్పిపెట్టాల. అంతకుముందు తిప్పితే పొంగు కూలుతుంది.

శెనక్కాయ విత్తనాలు ట్రేలో ఒకే వరుసగా, 350లో 15 నుంచి 18 నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో ఒకసారి కలియబెట్టండి, అంచు గింజలు ముందు కాలుతాయి. చిటపట మొదలై, ఒక గింజ నలిపితే పొట్టు ఊడి, లోపల మీగడ రంగులో ఉన్నప్పుడే తీసేయాల. ట్రే వేడికి బయట కూడా రెండు మూడు నిమిషాలు వేగుతూనే ఉంటాయి, ఓవెన్‌లోనే గోధుమ రంగు వచ్చేదాకా ఉంచితే ఊరుబిండి చేదెక్కుతుంది. తీయగానే వేరే పళ్లెంలోకి వంచండి.

ఖారా బన్‌కు అసలు చిక్కు కాల్చడం కాదు, పిండి పొంగడం. అనంతపురం ఎండాకాలంలో ముప్పావు గంటకు రెట్టింపయ్యే పిండి, అక్కడ ఏసీ ఇంట్లో రెండు గంటలు పడుతుంది. ఓవెన్ ఆర్పేసి, లోపలి బల్బు మాత్రం వేసి, పక్కన గ్లాసుడు వేడినీళ్లు పెట్టి తలుపు మూయండి. కాల్చేది 375లో, 16 నుంచి 18 నిమిషాలు. పైన పాలు పూయడం మరవొద్దు. రాడ్డు సెగ సూటిగా తగలదు కాబట్టి పాలు లేకపోతే పాలిపోయినట్టు వస్తాయి.

చక్కెర దంచే పని అక్కడ ఉండదు, అక్కడి మామూలు చక్కెర సన్నగానే ఉంటుంది. పౌడర్డ్ షుగర్ అని అమ్మేదాంట్లో మొక్కజొన్న పిండి కలిసి ఉంటుంది, కేకుకు అది వద్దు. వెన్న కడ్డీ ఒకటి 113 గ్రాములు.

రాయచోటి_టు_కువైట్:
కరెంటు ఓవెన్ల గురించి అందరూ చెప్తారు. కువైట్ ఇండ్లల్లో గ్యాస్ ఓవెన్‌కు ఈ బటన్ల లెక్క పనికిరాదు, రాయచోటి, రాజంపేట నుంచి వంట పనికి పోయేటోళ్లు చూసుకోండి. మంట అడుగు రేకు కింద ఉంటాది. ముట్టించేటప్పుడు ముందు తలుపు పూర్తిగా తెరవాల, తర్వాతనే మర తిప్పాల. మర నొక్కిపట్టి, అడుగు రంధ్రం దగ్గర లైటర్ పెట్టి, మంట అంటుకున్నాక ఇంకో పది, పదిహేను సెకన్లు నొక్కే ఉంచాల. మంట పక్కన ఉండే చిన్న కడ్డీ కాగితేనే గ్యాస్ నిలబడుతాది, ముందే వదిలితే ఆరిపోతాది. ఆరిపోతే మర కట్టేసి, తలుపు తెరిచే ఉంచి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ముట్టించాల. వెంటనే లైటర్ పెట్టినారంటే నిండిన గ్యాస్ భగ్గుమని మొహానికి కొడుతాది.

చాలావాటిల్లో కింది మంట, పై గ్రిల్లు ఒకేసారి వెలగవు. మర ఒకవైపు తిప్పితే ఇది, ఇంకోవైపు తిప్పితే అది. కేకు కింది మంటతోనే చేయాల, నడిమి అర కంటే ఒక మెట్టు పైన. అన్నిటికంటే కింది అరలో ఖాళీ ట్రే ఒకటి అడ్డం పెడితే అడుగు మాడదు. మజ్బూస్ (అక్కడి మసాలా అన్నం) కోడి ఉడికినాక పైన ఎర్రగా కావాలంటే అప్పుడు గ్రిల్లు, నాలుగైదు నిమిషాలు, పక్కనే నిలబడి. మర మీద 1 నుంచి 8 అంకెలుంటే బ్రిటన్ గ్యాస్ మార్క్ అనుకోవద్దు (అక్కడ 4 అంటే 180). కంపెనీకో లెక్క, థర్మామీటర్ పెట్టి చూసుకోవాల్సిందే.

అనంత_ఓటీజీ:
ఒక్కటే మిగిలింది. పాప ఇప్పుడే అక్కడ చేసి చూసిందంట. కేకు మధ్యలో గుట్టలాగా లేచి పగిలింది, అంచులు గట్టిపడినాయి, లోపల తడి. 350లోనే, గాజు గిన్నెలో.

కర్నూలు_బేకు:
అంచులు ముందే గట్టిపడి, మధ్యలో పిండి ఆలస్యంగా పొంగి పైకి తన్నింది. గాజు నిదానంగా కాగుతుంది, కాగాక వేడిని వదలదు. గాజుకూ నల్ల టిన్నుకూ 325 పెట్టి, అయిదు నుంచి పది నిమిషాలు ఎక్కువ ఉంచమనండి. తెల్లటి అల్యూమినియం టిన్ను ఉంటే 350 సరే. అయినా పగిలితే ఓవెన్ ఎక్కువ కాలుతున్నట్టు, చక్కెర పరీక్ష చేయమనండి. ఇంకో మాట, ఆ గాజు గిన్నెను బ్రాయిల్ కింద పెట్టొద్దు, కాలిన దాన్ని తడి గట్టు మీద దించొద్దు. పగిలితే గిన్నె రెండు ముక్కలవదు, వంటిల్లంతా చిందుతుంది. పొడి గుడ్డ మడతేసి దాని మీద దించమనండి.